రెండంగుళాలు తగ్గితే అందరం సంతోషించాం

గుంటూరు బ్రాడీపేటలో మా అక్కవాళ్ళ ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక టైలరమ్మ ఉంది. పాతికేళ్ళుగా మా ఇంటి ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమే కుడుతుంది. మూడేళ్ళ కిందట వేసవి సెలవులకు మా అక్క కూతురు విజయవాడ హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. అప్పటికి ఇంటర్ మొదటి సంవత్సరం అయింది. బంధువుల పెళ్ళికి లంగా వోణీ కుట్టిద్దామని ఆది జాకెట్టు పట్టుకుని ముగ్గురం వెళ్ళాం. టైలరమ్మ జాకెట్టు చూసింది, పిల్లను చూసింది, జాకెట్టు పక్కన పడేసి టేపు తీసింది. "ఇది పనికిరాదమ్మా, రెండంగుళాలు తగ్గింది. హాస్టల్లో ఏం చేస్తున్నావే, జిమ్ముకు పోతున్నావా?" అంది. మా అక్క ముఖం వెలిగిపోయింది. "చదువు టెన్షన్లో కూడా ఒళ్ళు చూసుకుంటోంది" అని టైలరమ్మకు గొప్పగా చెప్పింది.

నేనూ తక్కువ తినలేదు. "ఆ సీక్రెట్ ఏదో పిన్నికీ చెప్పవే" అన్నాను. పిల్ల నవ్వలేదు. టేపు మీద అంకె ఎంతో టైలరమ్మ చేత రెండోసారి చదివించుకుంది. అది నేను చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

నాలుగు నెలల తర్వాత హాస్టల్ బాత్‌రూమ్‌లో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే పొటాషియం 2.7 వచ్చింది. 3.5కి తగ్గకూడదు. ఈసీజీలో తేడా కనిపించింది. అంతకు ముందే కడుపునొప్పి అంటే ఒక డాక్టరు గ్యాస్ అని, ఇంకొకాయన అల్సర్ కావచ్చని మాత్రలు రాశారు. మా అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఆ రాత్రి క్యాజువాల్టీలో ఉన్న జూనియర్ డాక్టరమ్మ పిల్ల చెయ్యి తిప్పి చూసింది. వేళ్ళ కణుపుల మీద కాయలు కాసినట్టు మచ్చలున్నాయి. మమ్మల్ని బయటికి పంపించి ఒక్క ప్రశ్న అడిగిందట: "తిన్నాక కావాలని వాంతి చేసుకుంటున్నావా?"

ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఇది రాయమని తనే అంది. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నేను డాక్టర్ని కాను, డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఈ మూడేళ్ళలో డాక్టర్ల దగ్గర విన్నదీ, చదివి తెలుసుకున్నదీ, మేం తప్పుగా అనుకున్నదీ కలిపి రాస్తున్నాను. తప్పుగా అనుకున్నదే ఎక్కువ.

అన్నిటికన్నా పెద్ద తప్పు తూకం చూడటం. ఆ రోజు ఆసుపత్రిలో బరువు చూస్తే చార్టు ప్రకారం సరిగ్గా ఉండాల్సినంతే ఉంది. ఎముకల గూడులా ఉంటేనే ఈ జబ్బు అని అప్పటిదాకా నా నమ్మకం. నిజానికి ఈటింగ్ డిజార్డర్లు, అంటే తిండి చుట్టూ అల్లుకునే ఇలాంటి మానసిక జబ్బులు, ఉన్న వాళ్ళలో ఎక్కువమంది బయటికి మామూలుగానో, లావుగానో కనిపిస్తారు.

వీటికి తెలుగులో ఇంట్లో వాడుకునే పేరు లేదు. "సరిగా తినదు", "తిండి యావ ఎక్కువ" అంటాం, అంతే. డాక్టర్లు వాడే పేర్లేమో కొంచెం దారి తప్పిస్తాయి. అనోరెక్సియా అంటే గ్రీకులో ఆకలి లేకపోవడం. కానీ ఆ జబ్బున్న వాళ్ళకు ఆకలి ఉంటుంది, దాన్ని తొక్కిపట్టి ఉంచుతారు. బరువు ఎంత తగ్గినా లావుగానే ఉన్నామనిపిస్తుంది. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లాసెగ్ ఎవరి దారిన వాళ్ళు దీన్ని వర్ణించారు. అప్పటికి సినిమా లేదు, ఫోను సంగతి సరేసరి. ఇదంతా ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిన రోగం అనేవాళ్ళు ఈ ఒక్క సంవత్సరం గుర్తుపెట్టుకుంటే చాలు.

బులీమియా అంటే ఎద్దు ఆకలి. మనవాళ్ళు భీముణ్ణి వృకోదరుడన్నారు, తోడేలు కడుపు వాడని. గ్రీకులకు ఎద్దు గుర్తొచ్చింది. కొద్దిసేపట్లో ఆపుకోలేనంత తినేయడం, తర్వాత భయంతో దాన్ని వాంతి చేసుకుని గానీ, విరేచనాల మందు వేసుకుని గానీ, రోజంతా పస్తుండి గానీ, ఒళ్ళు హూనమయ్యేలా వ్యాయామం చేసి గానీ సరిచేసుకోవాలనుకోవడం దీని లక్షణం. లండన్ సైకియాట్రిస్టు జెరాల్డ్ రస్సెల్ 1979లో దీనికి బులీమియా నెర్వోసా అని పేరు పెట్టాడు. వేళ్ళ కణుపుల మీది మచ్చలను వైద్యులు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మా పిల్ల చేతిమీద ఆ డాక్టరమ్మ చూసింది అవే. మూడోది, అతిగా తినేసే జబ్బు. ఇందులో తిన్నది వదిలించుకునే ప్రయత్నాలు ఉండవు. అందరూ పడుకున్నాక ఒంటరిగా, గబగబా, కడుపు నొప్పి పుట్టేదాకా తినడం, తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం. వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు ఇలా జరుగుతుంటే దాన్ని జబ్బుగానే చూడాలి. అమెరికా సైకియాట్రిస్టుల వర్గీకరణలో దీనికి సొంత స్థానం దొరికింది 2013లోనే. ఎక్కువమందిలో ఉండేది ఇదే, అందరికన్నా ఎక్కువ తిట్లు తినేదీ వీళ్ళే. మనం దీన్ని తిండిపోతుతనం అంటాం.

మా పిల్ల హాస్టల్లో మెస్ అన్నం ముట్టుకునేది కాదు, కానీ ఫోన్లో రాత్రి ఒంటిగంట దాకా వంటల వీడియోలు చూసేది. ఇంటికొస్తే మా అందరికీ తనే దోసెలు పోసి, దగ్గరుండి తినిపించి, తను మాత్రం "నేను తినేశా" అనేది. ఎంత పనిమంతురాలో అని మురిసిపోయాం. దీని వెనక ఉన్నది నాకు ఒక పాత ప్రయోగం గురించి చదివాక అర్థమైంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచాడు. వాళ్ళంతా యుద్ధంలో ఆయుధం పట్టబోమని చెప్పి, దాని బదులు ఈ ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్ళు. శరీరబరువులో నాలుగోవంతు దాకా పోయింది. అది ఊహించిందే. ఊహించనిది వాళ్ళ మనసుకు జరిగింది. పొద్దస్తమానం తిండి గురించే మాటలు. కొందరు వంటపుస్తకాలు పోగు చేశారు. తిండిని చిన్న ముక్కలు చేసి గంటలకొద్దీ తిన్నారు. చిరాకు, దిగులు, మనుషులను తప్పించుకు తిరగడం. తిండి మళ్ళీ దొరికాక కొందరు ఎంత తిన్నా తృప్తి లేక వాంతి అయ్యేదాకా తిన్నారు.

వాళ్ళెవరికీ అందం పిచ్చి లేదు, లావవుతామన్న భయం లేదు. అంటే మనం "మొండితనం", "దాపరికం", "తిండి మీద యావ" అని పేరు పెట్టే వాటిలో చాలా భాగం ఆకలి చేసే పనే. మొదట తిండి తగ్గించడానికి కారణం ఏదైనా కావచ్చు. ఒక హద్దు దాటాక ఆకలే మెదడును నడుపుతుంది. "నోరు కట్టేసుకోలేకపోతున్నా, నేను పనికిరానిదాన్ని" అని మా పిల్ల డైరీలో రాసుకుంది. పగలంతా పస్తుంటే రాత్రి ఒళ్ళు ఎదురుతిరగక మానదని దానికి ఎవరూ చెప్పలేదు. జువాలజీ చెప్పే పిన్ని ఇంట్లోనే ఉంది కూడా.

తమాషా ఏమిటంటే, ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే బీఎంఐ అనే లెక్కకు 1972లో ఆ పేరు పెట్టిందీ ఈ ఆన్సెల్ కీసే. లెక్క ఆయనది కాదు, పంతొమ్మిదో శతాబ్దపు బెల్జియం గణాంక శాస్త్రవేత్త కెట్లే అనే ఆయనది. జనాభా మొత్తాన్ని అంచనా వేయడానికి పుట్టిన లెక్క అది. ఇప్పుడు జిమ్ము గోడ మీదా, ఫోన్ యాప్‌లోనూ ఒక్కొక్క మనిషికీ తీర్పు చెబుతోంది. మనవాళ్ళకు పొట్ట చుట్టూ కొవ్వు త్వరగా చేరుతుంది, షుగర్ త్వరగా వస్తుంది కాబట్టి భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన వైద్యులు గీత కిందికి జరిపారు. అది సరైన పనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం మంది 25 దాటితేనే అధిక బరువు అనే అంతర్జాతీయ గీత ప్రకారమే అధిక బరువులో ఉన్నారు. అదే సర్వేలో రక్తహీనత ఉన్నవాళ్ళు దాదాపు 59 శాతం. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఈ రెండూ ఉంటాయి.

కాబట్టి "బరువు గురించి మాట్లాడటమే తప్పు" అని నేననను. మా బావగారికి షుగర్. ఆయన్ని తగ్గమని డాక్టరు చెప్పడం న్యాయం. చిక్కు ఎక్కడంటే, ఆయనకు చెప్పిన మాట అదే భోజనాల బల్ల దగ్గర కూర్చున్న పదహారేళ్ళ పిల్ల కూడా వింటుంది. అన్నం విషం, నెయ్యి విషం, బంగాళదుంప విషం. ఆయన రెండు వారాలకు మర్చిపోయి పునుగుల బండి దగ్గరికి వెళ్తాడు. పిల్ల మర్చిపోదు.

విజయవాడలో డైట్ల గురించి చెప్పకుండా ఈ సంగతి పూర్తి కాదు. కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణ రాజు ఆరోగ్యాలయం ఉప్పు, నూనె లేని తిండి చెప్పింది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్ వచ్చి అన్నం మానేసి కొబ్బరినూనె తాగమంది. ఒకే ఊళ్ళో ఒకరు చుక్క నూనె వద్దంటే ఒకరు గ్లాసులో పోసుకోమన్నారు, మా బంధువుల్లో రెండూ చేసినవాళ్ళు ఉన్నారు. వీటితో షుగర్ అదుపులోకి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు, ఆ వాదనలోకి నేను పోను. నా పాయింటు వేరు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో పలకరింపే మారిపోయింది. "తిన్నావా?" పోయి "ఎన్ని కేజీలు తగ్గావు?" వచ్చింది. ఏదైనా డైట్ మొదలుపెట్టిన వాళ్ళందరికీ ఈ జబ్బు రాదు, చాలా కొద్దిమందికే వస్తుంది. కానీ జబ్బు వచ్చిన వాళ్ళలో చాలామంది కథ డైటుతోనే మొదలవుతుంది.

మా పిల్లకు ఇంకో చాటు కూడా దొరికింది, ఉపవాసం. సోమవారం శివుడికి, శనివారం వెంకటేశ్వరస్వామికి, మధ్యలో ఏకాదశి. భక్తి అంటే ఏ తల్లి కాదంటుంది? మా అమ్మ తేడా కనిపెట్టింది గానీ ఆలస్యంగా. కార్తీక సోమవారం నాడు మనం నక్షత్రం చూసి, దీపం పెట్టి, అందరితో కూర్చుని తింటాం. ఉపవాసానికి ముగింపు ఉంటుంది, ఆ ముగింపులో ఒక ఆనందం ఉంటుంది. పిల్లకు చుక్క పొడిచే వేళకు తలనొప్పి వచ్చేది, పడుకునేది. "దేవుడి కోసం మానేసినవాళ్ళు ప్రసాదం దగ్గర భయపడరు" అంది మా అమ్మ తర్వాత. ఏ డాక్టరూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఇక మీడియా. దీని గురించి గట్టిగా చెప్పే పరిశోధన ఒకటుంది, ఫిజీ దీవులది. అక్కడ నిండైన ఒళ్ళే అందం. ఎవరైనా చిక్కిపోతే ఊరంతా బెంగపడేది, అచ్చం మన అమ్మమ్మల్లా. 1995లో నద్రోగా అనే ప్రాంతానికి టీవీ వచ్చింది. హార్వర్డ్ వైద్య పరిశోధకురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొత్తల్లో ఒకసారి, మూడేళ్ళ తర్వాత 1998లో ఇంకోసారి అక్కడి స్కూలు ఆడపిల్లలను అడిగింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామన్నవాళ్ళు మొదటిసారి ఒక్కరూ లేరు. రెండోసారి 11.3 శాతం. టీవీ ఒక్కటే మారిందని చెప్పలేం. డబ్బు, ఉద్యోగాలు, బట్టలు అన్నీ మారుతున్న కాలం అది. బెకర్ కూడా ఆ పిల్లలతో మాట్లాడి, టీవీలో కనిపించే వాళ్ళలా ఉంటే మంచి ఉద్యోగాలొస్తాయని వాళ్ళు నమ్ముతున్నారని రాసింది. సన్నబడటం వాళ్ళకు అందం కన్నా ఎక్కువగా ఎదుగుదలకు మెట్టులా కనిపించింది. నాకు ఇది చదివినప్పుడు బెంజి సర్కిల్ హోర్డింగులు గుర్తొచ్చాయి. ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోల పక్కనే చీరల దుకాణం మోడల్.

మన దగ్గర ఈ మార్పు ఇంకా నెమ్మదిగా, ఇంకా లోతుగా జరిగింది. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి వెండితెరను ఏలిన రోజుల్లో గుండ్రటి ముఖమే ముఖం. ఆ ఫొటోను ఇవాళ ఏ ఆడిషన్‌కు పంపినా "కొంచెం తగ్గాలమ్మా" అంటారని నా అనుమానం. మగవాళ్ళకు 2007లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్‌తో కనిపించాక లెక్క మారింది. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధం, ఆ మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్. లాక్‌డౌన్‌లో పిల్లలు రోజంతా ఆన్‌లైన్ క్లాసులో తమ ముఖం తామే చూసుకుంటూ కూర్చున్నారు. చాలా దేశాల ఆసుపత్రుల్లో ఆ కాలంలో ఈ జబ్బులతో చేరిన ఆడపిల్లల సంఖ్య పెరిగింది. 2021లో ఫేస్‌బుక్ లోపలి కాగితాలు బయటపడ్డాయి. తమ ఒంటి మీద తమకే అసహ్యం కలిగినప్పుడు ఇన్‌స్టాగ్రామ్ దాన్ని ఇంకా పెంచుతోందని టీనేజీ ఆడపిల్లల్లో 32 శాతం మంది కంపెనీ సొంత పరిశోధకులకే చెప్పారు. పాత మీడియాకూ దీనికీ తేడా ఒక్కటే. సినిమా అందరికీ ఒకటే చూపిస్తుంది, ఫోను నీ భయం ఏదో కనిపెట్టి అదే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. పొట్ట తగ్గించే వీడియో ఒక్కటి చివరిదాకా చూస్తే సాయంత్రానికి ఇరవై వస్తాయి. నేను పరీక్ష కోసం చేసి చూశాను, నాలుగు రోజులు నా ఫోను నిండా నిమ్మకాయ నీళ్ళే.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఫోను కాదు, గవర్నర్‌పేటలో ఒక ఫొటో స్టూడియో. మా వాళ్ళ పెళ్ళి ఆల్బం చూసి ఖాయం చేయడానికి వెళ్ళాను. ఎడిటింగ్ చేసే కుర్రాడు కంప్యూటర్లో పెళ్ళికూతురు ఫొటో తెరిచాడు. మౌసుతో చేతి దండ మీద గుండ్రటి గీత పెట్టి లోపలికి తోశాడు, చెయ్యి సన్నబడింది. నడుము దగ్గర రెండు తోపులు. చీర అంచు కొంచెం వంకర పోతే దాన్ని సరిచేశాడు. తర్వాత గడ్డం కింద. మొత్తం నిమిషం పట్టలేదు. "పెళ్ళికూతురు అడిగిందా బాబూ?" అన్నాను. "అడగక్కర్లేదు మేడమ్, ఆడవాళ్ళందరికీ లిక్విఫై కొట్టేస్తాం, లేకపోతే మళ్ళీ వెనక్కి పంపిస్తారు" అన్నాడు. ఆ ఫొటోలో వెనక నేనున్నాను. నాకూ కొట్టాడు. బాగుంది అనిపించింది, అదే బాధ. అంటే ఇక మన ఇంటి బీరువాలో ఉన్న ఆల్బంలో కూడా నిజమైన చెయ్యి లేదు. పోల్చుకోవడానికి హీరోయిన్ అక్కర్లేదు, నిరుటి మన ఫొటో చాలు.

ఇంత చెప్పాక కూడా మీడియా ఒక్కటే కారణం అంటే నమ్మకండి. అదే రీల్స్ లక్షల మంది చూస్తున్నారు, జబ్బు కొందరికే వస్తోంది. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఈ జబ్బుల ముప్పులో సగం దాకా వంశపారంపర్యం. 2019లో అనోరెక్సియా మీద జరిగిన పెద్ద జన్యు అధ్యయనంలో దానికి మనసుతోనే కాదు, ఒంటి జీవక్రియతో కూడా సంబంధం ఉన్నట్టు తేలింది. దానికి తోడు అన్నీ పర్‌ఫెక్ట్‌గా ఉండాలనే స్వభావం, ఆందోళన, ఎవరైనా ఏడిపించడం, చిన్నప్పటి గాయం. వీటి మీద డైటు పడితే అంటుకుంటుంది. మా పిల్ల వీక్లీ టెస్టులో రెండు మార్కులు తగ్గితే అన్నం మానేసేది. చదువు తన చేతిలో లేదు, తిండి ఉంది.

మన దేశంలో ఇంకో మెలిక. 1995లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఐదుగురు యువతుల గురించి రాశారు. తిండి మానేశారు, వాంతులు, బరువు బాగా పడిపోయింది, నెలసరి ఆగిపోయింది. కానీ లావవుతామన్న భయం, పుస్తకాల్లో చెప్పినట్టు, వాళ్ళలో కనిపించలేదు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు కూడా ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాడు. వాళ్ళు చెప్పేది కడుపు ఉబ్బరం, ఆకలి లేదు, అన్నం సయించదు అని. మన గ్యాస్ డాక్టర్ల దగ్గర క్యూలో ఇలాంటి పిల్లలు ఎంతమంది కూర్చున్నారో అని నాకు భయం వేస్తుంది. "నేను లావు కదా పిన్నీ" అని అననంత మాత్రాన జబ్బు లేదని కాదు.

మాటల సంగతికొస్తే, మన నోళ్ళు చాలా పదును. "ఒళ్ళు చేశావే", "పుల్లలా అయ్యావు", "ఈ వొంటికి ఆ డ్రెస్సా", "పెళ్ళి చూపుల లోపు తగ్గించు". లావైనా అంటాం, సన్నమైనా అంటాం, పలకరింపు అనుకునే అంటాం. రంగు గురించి చెప్పనే అక్కర్లేదు, 1975 నుంచి అమ్ముతున్న క్రీము పేరులోంచి ఫెయిర్ అనే ముక్క తీసేయడానికి 2020 దాకా పట్టింది. మా పిల్లకు ఎనిమిదో తరగతిలో ఒక పెదనాన్న భోజనాల దగ్గర "అమ్మాయికి మారు అన్నం వద్దులే" అని నవ్వాడట. ఆయనకు గుర్తు కూడా లేదు. దానికి ఆ రోజు వడ్డించిన కూరలతో సహా గుర్తుంది.

మగపిల్లలకు ఇది రాదనుకోవడం ఇంకో పొరపాటు. వాళ్ళది తరచు తిరగేసిన రూపంలో ఉంటుంది. ఎంత కండ పెంచినా బక్కగానే ఉన్నామనుకుంటారు. హార్వర్డ్‌కు చెందిన హారిసన్ పోప్ 1990లలోనే దీన్ని వర్ణించాడు. నా క్లాసులో ఒక కుర్రాడు రోజుకు పన్నెండు గుడ్ల తెల్లసొన తిని, పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. జిమ్ములో ఎవరో ఇచ్చిన ఇంజక్షన్ ఏమిటో వాడికే తెలీదు. క్రమశిక్షణ గల కుర్రాడని స్టాఫ్‌రూములో మెచ్చుకున్నాం.

తూకం కాకపోతే ఏం చూడాలి? తినే తీరు చూడాలి. తినగానే ప్రతిసారీ బాత్‌రూముకు పోవడం, నీళ్ళు వదిలి ఎక్కువసేపు ఉండటం. నలుగురితో కూర్చుని తినడానికి రోజుకొక సాకు. అన్నం కెలికి కెలికి పక్కకు నెట్టడం. ఎండాకాలంలో కూడా చలి అనడం, వదులు బట్టలు, జుట్టు రాలడం, ఆడపిల్లకు నెలసరి తప్పడం. చెవుల కింద దవడలు ఉబ్బడం. ఒక్కోసారి మొదట కనిపెట్టేది పళ్ళ డాక్టరే, ఎందుకంటే కడుపులోని ఆమ్లం పళ్ళ పైపొరను తినేస్తుంది. వాంతులతో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. నెలసరి నెలల తరబడి ఆగితే ఎముకలు గుల్లబారతాయి. మానసిక జబ్బుల్లో మరణాలు బాగా ఎక్కువగా ఉండే వాటిలో అనోరెక్సియా ఒకటి. ఆత్మహత్యలు కూడా అందులో ఉన్నాయి.

ఇక్కడ తల్లుల కోసం ఒక హెచ్చరిక. చాలా రోజులు పస్తున్న పిల్లను పట్టుకుని ఒక్కసారిగా ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయతో కడుపు నింపితే ప్రమాదం. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ చెరల నుంచి బయటపడిన ఖైదీల్లో కొందరు తిండి దొరికాకే చనిపోయారు. ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం వెళ్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం అమాంతం పడిపోతాయి. బరువు బాగా పడిపోయిన వాళ్ళకు మొదటి వారం తిండి డాక్టర్ల లెక్క ప్రకారమే పెట్టాలి.

వైద్యం ఉంది. టీనేజీ పిల్లల్లో బాగా పనిచేసేది తల్లిదండ్రులు కొన్నాళ్ళు తిండి బాధ్యత పూర్తిగా తీసుకునే పద్ధతి. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో పుట్టింది. 1987లో దాని మీద వచ్చిన మొదటి పరీక్షా ఫలితాలు మళ్ళీ ఆ రస్సెల్ బృందానివే. జబ్బు వచ్చి మూడేళ్ళు దాటని చిన్నవాళ్ళకు బాగా ఉపయోగపడిందని తేలింది. పెద్దవాళ్ళకు ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్, బులీమియాకు కొన్నిసార్లు ఫ్లూయోక్సెటిన్ అనే మందు. మా పిల్లను మూడు నెలలు ఇంటికి తెచ్చేశారు. హాస్టల్ వాళ్ళు సిలబస్ పోతుందన్నారు, పోనిమ్మంది అక్క. రోజుకు మూడు పూటల తిండి, మూడు సార్లు చిరుతిండి, ప్రతిదానికీ పక్కన ఒకరు. తిన్నాక గంటసేపు ఎవరో ఒకరు అష్టాచెమ్మా ఆడేవాళ్ళు, బాత్‌రూము వైపు పోకుండా. బతిమాలడం లేదు, తిట్టడం లేదు, లంచాలు లేవు. "ఇది మందు, డోసు ఇంత" అన్నట్టు పెట్టేది అక్క. వినడానికి తేలిక. ఒక రాత్రి సగం ఇడ్లీ కోసం రెండు గంటలు కూర్చున్నారు. గిన్నె గోడకేసి కొట్టింది పిల్ల. ఇంకో ఇడ్లీ పెట్టింది అక్క.

ఖర్చు సంగతి అడుగుతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇన్సూరెన్సు కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకు కవరేజీ ఇవ్వాలి. పాలసీ కాగితం తీసి అడగండి. ఎవరిని కలవాలో తెలియకపోతే 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. మొదట గుండె, రక్తం పరీక్షలు చేయించాలి, తర్వాత మనసు, ఈ వరుస తప్పకూడదు. ఇంకొక మాట. 2025లో మన మార్కెట్లోకి మౌంజారో, వెగోవి ఇంజక్షన్లు వచ్చాక కాలేజీ పిల్లలు కూడా వాటి గురించి అడుగుతున్నారు. షుగర్‌కూ, ఊబకాయానికీ అవి మంచి మందులే కావచ్చు. కానీ రాసే ముందు "నీ తిండి తీరు ఎలా ఉంటుంది?" అని డాక్టరు అడిగారా లేదా చూసుకోండి. ఆకలిని చంపే మందు, ఆకలితో యుద్ధం చేస్తున్న పిల్ల చేతికి వెళ్ళకూడదు.

మా పిల్లకు పూర్తిగా తగ్గిందా అంటే, వాంతులు ఆగి ఏడాదిన్నర అయింది. పరీక్షల ముందు ఇంకా మారం చేస్తుంది. పెళ్ళి భోజనాల్లో బంతిలో కూర్చోదు, బఫే అయితే వస్తుంది. మొన్న సంక్రాంతికి మళ్ళీ టైలరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె టేపు తీయగానే "అంకెలు పైకి చదవకండి, పుస్తకంలో రాసుకోండి చాలు" అంది అక్క. టైలరమ్మ ఒక క్షణం మా ముగ్గుర్నీ చూసి, రాసుకుంది. పిల్ల కళ్ళు ఆ పుస్తకం మీదికి పోయాయి. పెన్సిలు చివర దాకా చూసింది. తర్వాత చేతులకు లేసు ఏ రంగు బాగుంటుందని అడిగింది.